వెబ్ పని గుత్తకిచ్చే ముందు

(హనుమకొండలో చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట గిరాకీ వదులుకుని వచ్చారు. మీ టైము విలువ నాకు తెలుసు, అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

వారానికి ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేస్తుంటారు. ఒకరు బట్టల దుకాణం నడుపుతారు, ఒకరు విత్తనాలు అమ్ముతారు, ఒక అక్క ట్యూషన్ సెంటర్ పెట్టింది. అందరిదీ ఒకటే మాట. "అన్నా, సైటు చేసే పిల్లగాడు ఒకడు కావాలె. మంచోడు ఉంటే చెప్పు. ఎంతైతది?" నేను ధర చెప్పను. "ఏం కావాలో రాసి పెట్టుకున్నారా?" అని అడుగుతాను. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "అదే అన్నా, సైటు" అంటారు.

ఇల్లు కట్టించేటప్పుడు మనం ఇలా చేయం. సుతారిని పిలిచి "ఇల్లు కావాలె, ఎంతైతది" అంటే ఆయనే ఎదురు అడుగుతాడు. జాగ ఎంత, ఎన్ని గదులు, స్లాబా రేకులా, సిమెంటు మీరు తెప్పిస్తారా నేను తేవాలా, గుత్తకిస్తారా రోజు కూలికి పెడతారా? ఇవన్నీ తేలాకే బయానా చేతిలో పెడతాం. వెబ్ పనికీ ఈ లెక్కే. గోడ కంటికి కనబడుతుంది, కోడ్ కనబడదు. అందుకని మనకు పుట్టుకతో తెలిసిన పద్ధతిని కూడా అక్కడ మరిచిపోతున్నాం.

నేను ఈ పనిలో రెండు వైపులా నిలబడ్డాను. హైదరాబాద్‌లో కొన్నేళ్లు ప్రోగ్రామర్‌గా చేశాను. 2020లో లాక్‌డౌన్‌తో ఇంటికొచ్చి, ఇక్కడే కాంట్రాక్టు పనులు పట్టుకున్నాను. ఇప్పుడు పనులు ఎక్కువై నేనే వేరేవాళ్లకు ఇస్తున్నాను. కాబట్టి ఇచ్చేవాళ్ల బాధా తెలుసు, చేసేవాళ్ల బాధా తెలుసు.

ముందు తాళంచెవుల సంగతి, అంటే సైటు ఖాతాలు ఎవరి చేతిలో ఉండాలన్నది చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

వరంగల్ కొత్తవాడలో దర్రీలు, అంటే జంపఖానాలు నేయించి అమ్మే ఒక పెద్దాయనకు సైటు చేసి పెట్టాను. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న గుర్తింపు వచ్చింది కదా, బయటి రాష్ట్రాల వాళ్లు కూడా అడుగుతున్నారని ఆయన ఆశ. డొమైన్, అంటే నెట్‌లో సైటు పేరు, కొనేటప్పుడు ఆయన దగ్గర కార్డు లేదు. నా కార్డుతో, నా మెయిల్‌తో కొనేశాను. "తర్వాత మార్చుకుందాం బాబాయ్" అన్నాను. ఆ "తర్వాత" ఎప్పుడూ రాలేదు. ఏడాదికి రెన్యువల్ మెయిళ్లు వచ్చాయి. అవి నేను చూడడం మానేసిన పాత మెయిల్‌కు వచ్చాయి. దసరా ముందు వారం ఆయన ఫోన్ చేశాడు. "బాబూ, మన దుకాణం నెట్‌లో కనబడ్తలేదు." నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి బల్ల మీద కొత్త కవర్ల కట్టలున్నాయి. ప్రతి కవరు మీదా ఆ సైటు పేరు, ఎర్ర సిరాతో. అప్పటికే సగం పంచేశాడు.

డాట్ కామ్ పేరు గడువు దాటిన వెంటనే పోదు. కొన్నాళ్లు మామూలు రుసుముతోనే మళ్లీ తీసుకోవచ్చు. అది దాటితే ఇంకో 30 రోజులు ఉంటాయి, కానీ రుసుము బాగా ఎక్కువ. ఆ తర్వాత 5 రోజులకు లోకంలో ఎవరైనా కొనుక్కోవచ్చు. మేం మొదటి గడువులోనే ఉన్నాం కాబట్టి పేరు దక్కింది. నాలుగు రోజుల బేరం మాత్రం పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని గట్టిగా చెబుతున్నాను. డొమైన్ మీ పేరు మీద, మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో కొనండి. హోస్టింగ్, అంటే సైటును ఉంచే అద్దె చోటు కూడా అంతే. కోడ్ దాచే గిట్‌హబ్ ఖాతా మీది తెరవండి, డెవలపర్‌ను అందులోకి పిలవండి. పని అయ్యాక ఆయన పేరు తీసేయొచ్చు. గూగుల్‌లో మీ దుకాణం వివరాలుండే పేజీకీ ఇదే వర్తిస్తుంది. దుకాణం అద్దెకు తీసుకుంటే తాళం మన జేబులో ఉంటుంది కదా, సున్నం వేసేవాడికి ఒక తాళం ఇచ్చి పని కాగానే తీసుకుంటాం. ఇందుకు కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఒక మెయిల్ ఐడీ, ఓటీపీ వచ్చే ఫోన్, రెండు గంటల ఓపిక ఉంటే చాలు. డెవలపర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీ ఫోన్‌లోనే చేయించుకోండి.

ఇక జావాస్క్రిప్ట్. ఈ మాట మీరు చాలాసార్లు వినుంటారు. జావా వేరు, జావాస్క్రిప్ట్ వేరు. ఒక మిత్రుడు జావా వచ్చిన అబ్బాయిని పిలిచి సైటు పని అప్పజెప్పాడు. పాపం ఆ అబ్బాయి నెల రోజులు కొత్త భాష నేర్చుకోవడంతోనే సరిపోయింది. తప్పు అబ్బాయిది కాదు. పేర్లు అలా కలిశాయి. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన దీని తొలి రూపాన్ని పది రోజుల్లో రాశాడు. మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు. అప్పట్లో జావా పేరు మార్మోగుతుండటంతో చివరకు జావాస్క్రిప్ట్ అని పెట్టారు. మీరు ఫోన్‌లో ఏ సైటు తెరిచినా బటన్ నొక్కగానే పేజీలో జరిగే కదలిక వెనుక దాదాపు ఎప్పుడూ ఉండేది ఇదే. 2009లో ఈ భాషను బ్రౌజర్ బయట కూడా నడిపే నోడ్ వచ్చాక, సర్వర్ పనికి, అంటే సైటును వెనక నుంచి నడిపే కంప్యూటర్ పనికి కూడా ఇదే భాష వాడడం పెరిగింది. 2013లో ఫేస్‌బుక్ రియాక్ట్ అనే, పేజీలు కట్టే పనిముట్టును అందరికీ ఇచ్చేసింది. ఇప్పుడు పని అడిగే పిల్లల్లో ఎక్కువమంది నోట వినబడేది రియాక్ట్ మాటే.

ఈ చరిత్ర మీకెందుకంటే, "నాకు జావాస్క్రిప్ట్ వచ్చు" అన్నవాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు కావచ్చు. ఒకరు గిరాకీకి కనబడే పేజీ చేస్తారు. ఒకరు వెనక ఆర్డర్లు, లెక్కలు దాచే పని చేస్తారు. రెండూ చేసేవాళ్లను ఫుల్ స్టాక్ అంటారు. ఫోటోలు, ఫోన్ నంబర్, దారి చూపే మ్యాప్ ఉండే నాలుగు పేజీల సైటుకు మొదటి మనిషి చాలు. నా మాట అడిగితే దానికి రియాక్ట్ కూడా అక్కర్లేదు. డబ్బు కట్టించుకోవాలి, స్టాక్ లెక్క ఉండాలి అంటే రెండో పని తెలిసినవాళ్లు తప్పనిసరి.

ఏ పనిముట్టుతో చేయాలో మీరు చెప్పకండి. రెండు ప్రశ్నలు మాత్రం అడగండి. "దీనికి ఇంకా కొత్త అప్‌డేట్లు వస్తున్నాయా?" "రేపు నువ్వు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఇక్కడ ఇంకొకరు దీన్ని అందుకోగలరా?" మొదటి ప్రశ్న ఊరికే చెప్పడం లేదు. యాంగ్యులర్ జేఎస్ అని రియాక్ట్ లాంటి పనిముట్టునే ఒకప్పుడు చాలామంది వాడారు. గూగుల్ 2021 చివరితో దానికి మద్దతు ఆపేసింది. వ్యూ అనే ఇంకో పనిముట్టులో రెండో వెర్షన్‌కు మద్దతు 2023 చివరితో ఆగిపోయింది. సైటు ఆ రోజే పడిపోదు. కానీ తర్వాత బయటపడే భద్రతా లోపాలను సరిచేసే దిక్కు ఉండదు.

మంచివాళ్లను ఎలా పట్టుకోవాలి అని అడుగుతారు. నా పద్ధతి చూపిస్తాను.

నా దగ్గర ఒక చిన్న ఆర్డర్ పేజీ ఉంది. దర్రీ ఫోటో, పక్కన ఎన్ని కావాలో కొట్టే గడి, "ఇంకొకటి" అని ఒక బటన్, కింద మొత్తం. గడిలో 5 కొట్టి బటన్ నొక్కితే 6 రావాలి. 51 వస్తుంది. నిజంగా ఒక గిరాకీకి ఇలా జరిగింది, ఆయన భయపడి ఆర్డరే వదిలేశాడు. కారణం ఏమిటంటే, గడిలో కొట్టిన ఐదును జావాస్క్రిప్ట్ అంకెగా చూడదు, అక్షరంగా చూస్తుంది. అక్షరానికి ఒకటి కలపమంటే కూడిక చేయదు, పక్కన అతికిస్తుంది. కాబట్టి 51.

మొన్న ఇద్దరిని ఈ పేజీ ముందు కూర్చోబెట్టాను. మొదటి అబ్బాయి రెండు నిమిషాల్లో కనిపెట్టాడు, అక్షరాన్ని అంకెగా మార్చాడు, 6 వచ్చింది. "అయిపోయింది సార్" అన్నాడు. చురుకైన పిల్లవాడే. రెండో అమ్మాయి కాజీపేట నుంచి వచ్చింది, బీటెక్ అయి ఏడాది కాలేదు. ఆమె కూడా అదే మార్పు చేసింది. కానీ లేవలేదు. గడి ఖాళీగా వదిలి బటన్ నొక్కి చూసింది. మైనస్ రెండు కొట్టి చూసింది. రెండున్నర కొట్టింది. "సార్, దర్రీ సగం అమ్ముతారా?" అని అడిగింది. అమ్మరని నేను చెప్పాక అది రానీయకుండా ఆపింది.

తర్వాత మొత్తం వైపు చూసి, "పైసలు ఇలా దశాంశాల్లో లెక్కపెడితే తేడా వస్తుంది" అంది. నిజమే. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ దశాంశాలను దాచుకునే తీరు అలాంటిది, ఈ ఒక్క భాష తప్పు కాదు. "లెక్కంతా పైసల్లో చేద్దాం, చూపించేటప్పుడు రూపాయలు చేద్దాం" అంది. చివరికి ఒక మాట అడిగింది. "సార్, మొత్తం ఎంతో గిరాకీ ఫోన్‌లోనే లెక్కవుతోంది. తెలిసినవాళ్లు ధర మార్చి పంపితే? సర్వర్‌లో మళ్లీ లెక్క చూస్తున్నారా?" ఆ ప్రశ్న విన్నాక నేను ఆమె రెజ్యూమె మళ్లీ తెరవలేదు. పని ఆమెకే ఇచ్చాను.

ఇద్దరికీ రెండు గంటలకు వెయ్యి రూపాయల చొప్పున ఇచ్చాను, పని దక్కని అబ్బాయికి కూడా. పరీక్ష పేరుతో పిల్లల చేత ఊరికే పని చేయించుకోవడం నాకు నచ్చదు. కొందరు నలుగురికి నాలుగు పేజీలు పరీక్షగా ఇచ్చి, నాలుగూ కలిపి సైటు పెట్టుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి.

మీకు కోడ్ రాదు కదా, ఈ పరీక్ష ఎలా పెడతారు? మీరు పెట్టగలిగేది ఇంకొకటుంది. ఆ డెవలపర్ ఇంతకుముందు చేసిన సైటును మీ ఫోన్‌లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో తెరవండి. ఎంతసేపు తిరుగుతుందో చూడండి. ఆర్డర్ గడిలో ఫోన్ నంబర్ తొమ్మిది అంకెలే కొట్టి పంపండి. అది మిమ్మల్ని ఆపిందా లేదా చూడండి. తర్వాత ఆ సైటు యజమానికి ఫోన్ చేసి ఒక్కటే అడగండి. "పని అయిపోయి పైసలు ముట్టాక కూడా ఫోన్ ఎత్తాడా?" ఏఐతో కోడ్ రాయిస్తున్నారట కదా అని కొందరు అనుమానపడుతున్నారు. రాయించనీయండి, తప్పేం లేదు. రాసినదాన్ని మీకు అర్థమయ్యే తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే రేపు పాడైనప్పుడు బాగు చేయలేరు.

ఇప్పుడు గుత్తా, కూలా అన్న సంగతి. ఏం కావాలో స్పష్టంగా తెలిస్తే గుత్తకివ్వండి. ఉన్న సైటు బాగు చేయించడమైతే, తవ్వితే గానీ లోపల ఏముందో తెలియదు కాబట్టి గంటల లెక్కన ఇవ్వండి, వారానికి ఇన్ని గంటలకు మించొద్దని ముందే అనుకోండి. గుత్తలో గొడవ వచ్చేది "ఇంకొక్కటి" దగ్గర. ఒక మిర్చి వ్యాపారి రోజువారీ ధరల పేజీ అడిగాడు. తర్వాత వాట్సాప్ లింకు ఇంకొక్కటి. ఇంగ్లిషులో ఉన్నదాన్ని తెలుగులో కూడా, ఇంకొక్కటి. రైతులు లాగిన్ అయి తమ ఖాతా చూసుకునేలా, ఇంకొక్కటి. ఆ చివరిది మొదటి పని మొత్తం కంటే పెద్దది. ఆయనకు ఆ సంగతి తెలియదు, ఆ కుర్రాడు మొహమాటానికి చెప్పలేదు. రెండు నెలలకు ఇద్దరికీ మాటల్లేవు. అదే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అయితే తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ మీద బరువు, ధర, కోతలు విడివిడిగా రాసివ్వకపోతే ఆ వ్యాపారే ఒప్పుకోడు. ఇక్కడా అలాంటి పట్టీ ఒకటి పెట్టుకోండి. కొత్తగా ఏది అడిగినా అందులో ఒక వరుస రాయండి. ఎన్ని రోజులు, ఎంత డబ్బు, ఇద్దరూ ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో ఒక మెసేజ్.

వాయిదాలు నేనైతే ఇలా పెడతాను. వందకు 25 బయానా. జనానికి తెరవకముందు పరీక్షకు పెట్టిన అడ్రస్‌లో సైటు పనిచేస్తూ కనబడినప్పుడు 35. జనానికి తెరిచిన రోజు 30. నెల గడిచాక, అప్పటిదాకా బయటపడ్డ లోపాలు సరిచేశాక మిగతా 10. మొత్తం ముందే ఇవ్వకండి. అలాగని మొత్తం చివరికి పెట్టకండి.

చివరికి పెట్టడం గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, నన్ను మన్నించండి. కాంట్రాక్టు పనులు చేసిన రోజుల్లో ఒకచోట నాలుగు నెలలు పైసల కోసం తిరిగాను. సైటు నడుస్తోంది, ఆర్డర్లు వస్తున్నాయి. నేను వెళ్తే చాయ్ ఇచ్చేవాళ్లు, "చూద్దాం, వచ్చే వారం" అనేవాళ్లు. ఆ నెలల్లో చిట్టీ కట్టలేకపోయాను. ఈ ఊళ్లో చిట్టీ తప్పితే మనిషి మాట ఎలా పడిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బియ్యం బస్తాకు, కరెంటు బిల్లుకు టైముకు కట్టేవాళ్లం, కంటికి కనబడని పనికి ఎందుకో వాయిదా వేస్తాం. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం దీని మీద స్పష్టంగా ఉంది. ప్రభుత్వం చిన్న సంస్థలను నమోదు చేసే ఉద్యమ్‌లో పేరున్న సంస్థ పని చేసి అప్పగించాక, ఒప్పందం ఏదైనా డబ్బు ఇవ్వడం 45 రోజులు దాటకూడదు. ఒప్పందంలో గడువే రాయకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్ కూడా ఉద్యమ్‌లో నమోదు కావచ్చు. ఇక్కడ కూర్చున్న పిల్లలు ఇది రాసుకోండి.

ఇచ్చేవాళ్లు రాసుకోవాల్సింది ఇంకొకటుంది, చాలామందికి ఇది తెలియదు. డబ్బులిచ్చి చేయించుకున్నాం కాబట్టి కోడ్ మనదే అనుకుంటాం. 1957 నాటి కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. జీతానికున్న ఉద్యోగి రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిది. గుత్తకు తీసుకున్న ఫ్రీలాన్సర్ రాస్తే, కాగితం మీద రాసివ్వకపోతే హక్కు రాసినవారిదే. రాసివ్వడంలో కూడా మెలిక ఉంది. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని చట్టం అనుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. కాబట్టి ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి: పూర్తి డబ్బు ముట్టిన రోజు నుంచి ఈ కోడ్ మీద కాపీరైట్ అంతా, హక్కు ఉన్నంతకాలం, ప్రపంచమంతటా ఫలానా వారికి బదిలీ చేశాను, అని. కింద సంతకం. "పూర్తి డబ్బు ముట్టిన రోజు నుంచి" అన్న మాట కావాలనే పెట్టించాను. అది చేసినవాళ్లకు రక్షణ. డెవలపర్ వాడే ఉచిత లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, దీనిలోకి రావు, వాటి లైసెన్సులు వాటికి ఉంటాయి. ఏవి వాడారో జాబితా తీసుకోండి.

పన్ను సంగతి క్లుప్తంగా. సేవలమీద ఏడాది రాబడి 20 లక్షలు దాటని ఫ్రీలాన్సర్‌కు మామూలుగా జీఎస్టీ నంబర్ ఉండదు. నంబర్ లేదని అనుమానపడొద్దు. మీకు టీడీఎస్, అంటే ఇచ్చే డబ్బులోంచి ముందే పన్ను కోయడం, వర్తిస్తుందో లేదో మీ ఆడిటర్‌ను అడిగి, కోస్తే ఎంత కోస్తారో ముందే చెప్పండి. పైసలు తక్కువ పడ్డాయని ఫోన్ వచ్చాక చెబితే బాగుండదు.

ఒక జాగ్రత్త. సైటు పరీక్షించడానికి మీ గిరాకీల అసలు పేర్లు, ఫోన్ నంబర్ల ఎక్సెల్ షీటు డెవలపర్‌కు పంపకండి. ఉత్తుత్తి పేర్లు చాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మీ తరఫున వేరేవాళ్లు ఆ వివరాలు వాడినా బాధ్యత మీదే.

మనుషులు ఎక్కడ దొరుకుతారంటే, దూరం వెళ్లక్కర్లేదు. ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, మడికొండ ఐటీ పార్కులో పనిచేసి బయటికొచ్చి సొంతంగా చేసుకునేవాళ్లున్నారు. నెట్‌లో ఫ్రీలాన్సర్లను వెతికే అప్‌వర్క్ లాంటి చోట్ల దేశదేశాల వాళ్లు దొరుకుతారు, మంచివాళ్లూ ఉంటారు. చిన్న దుకాణానికి మాత్రం ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగే మనిషి మేలని నా అభిప్రాయం. చదువుకుంటున్న పిల్లలకిస్తే వాళ్ల పరీక్షల తేదీలు ముందే అడగండి. సెమిస్టర్ వారంలో పని అడిగి వాళ్లకు టెన్షన్ పెట్టొద్దు.

చివరి వాయిదా ఇచ్చే రోజు డెవలపర్‌ను గంట సేపు మీ దుకాణంలో కూర్చోబెట్టుకోండి. కొత్త సరుకు ఫోటో పెట్టడం, ధర మార్చడం, అయిపోయిన సరుకు తీసేయడం మీ చేత్తో మీరే చేయాలి. వాళ్లు మౌస్ ముట్టుకోకూడదు. కాజీపేట అమ్మాయి కొత్తవాడ పెద్దాయనకు ఇలాగే నేర్పింది. ఇప్పుడు డొమైన్ ఆయన పేరు మీదే ఉంది. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని, ఒక వేలుతో నీలం గళ్ల దర్రీ ధర మార్చాడు. పక్క గదిలో కోడలి ఫోన్ తెప్పించి, అందులో కూడా మారిందో లేదో చూసుకున్నాడు. అప్పుడు ఫోన్‌పే తెరిచాడు.

ఒక పేజీ నమూనా కాగితం ముద్రించి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది, తలా ఒకటి తీసుకోండి. తాళంచెవులు, వాయిదాలు, "ఇంకొక్కటి" పట్టీ, హక్కుల వాక్యం అందులో ఉన్నాయి. పై గడి ఒక్కటి ఖాళీగా ఉంచాను. "ఈ సైటులో గిరాకీ ఏం చేయగలగాలి?" అని ఉంటుంది. ఇంటికెళ్లి అది నింపాక నాకు ఫోన్ చేయండి. ఎంతవుతుందో అప్పుడు చెబుతాను.